గంజి కరువులో పెళ్లి పాట

1952 ఫిబ్రవరి 29న ‘పెళ్లి చేసి చూడు’ విడుదలైంది. విజయా సంస్థ నిర్మాణం, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, ఘంటసాల సంగీతం. కట్నం డబ్బు చేతికి రాలేదని తండ్రి పెళ్లింట్లోంచి కొడుకును లాక్కుపోతాడు. ఆ కొడుకు పిచ్చి పట్టినట్టు నటించి, తను కట్టుకున్న పిల్లనే నర్సుగా ఇంటికి రప్పించుకుంటాడు. ఇదీ కథ. హాళ్లు నవ్వులతో దద్దరిల్లాయి. అదే ఏడాదిని గుత్తి, పామిడి, తాడిపత్రి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లు వేరే పేరుతో గుర్తుపెట్టుకున్నారు. గంజి కరువు అన్నారు. వానలు వరసగా తప్పిపోయి, చేలో గింజ లేక, జనం సట్లూ చెంబులూ పట్టుకుని గంజి కేంద్రాల ముందు బారులు తీరిన రోజులవి. ఆ సినిమాలో పెళ్లికొడుకు వేషం వేసిన ఎన్.టి. రామారావు, తోటి నటులను వెంటేసుకుని రాయలసీమ కరువు బాధితుల కోసం ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసింది కూడా ఆ కాలంలోనే.

నెల తిరక్కముందే, మార్చి 27న, న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ మొదటి ఆట పడింది. జీన్ కెల్లీ గొడుగు మూసేసి వానలో తడుస్తాడు, వీధి దీపపు స్తంభం పట్టుకుని ఊగుతాడు, నీటి గుంటల్లో చిన్నపిల్లాడిలా గెంతుతాడు. అది గొట్టాలు పెట్టి కురిపించిన వాన. చిత్రీకరణ నాడు కెల్లీ ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. తెర మీద ఆ సంగతి ఎక్కడా కనబడదు.

ఈ రెండు సినిమాలకూ చుట్టరికం లేదు. ఒకదాన్ని చూసి మరొకటి తీసింది కాదు. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను. కష్టకాలంలో మనిషికి ఓ తేలికపాటి ప్రేమకథ, నాలుగు పాటలు, ఒక అలక, చివర్లో ఒక పెళ్లి ఎందుకంత కావాల్సి వస్తాయి? తిండికే కటకటగా ఉన్నప్పుడు అణాలు పెట్టి టికెట్ కొన్నవాడిని ‘బాధ మరచిపోవడానికి వచ్చాడు’ అని సరిపెట్టేస్తే నాకు తృప్తి ఉండదు. ఈ సినిమాలను దగ్గరగా చూస్తే అందులో బాధ మరుగున పడినట్టు కనబడదు. అది అక్కడే, కథ నడిమధ్యలోనే ఉంటుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. తెలుగులో ఈ రకం సినిమాకు రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యులు కొందరు కృష్ణా గోదావరి మాగాణుల నుంచి రాలేదు. గుత్తి స్టేషన్‌లో మద్రాసు రైలెక్కితే దారిలో తగిలే కరువు ఊళ్ల నుంచి వచ్చారు.

ముందు అమెరికా సంగతి చూద్దాం. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది. 1933 నాటికి ఆ దేశంలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకడికి పని లేదు. బ్యాంకులు మూతబడ్డాయి, ఉచితంగా సూపు పోసే చోట జనం వరసలు కట్టారు. ఆ ఏడాదే ఫ్రెడ్ ఆస్టేర్, జింజర్ రోజర్స్ తొలిసారి ఒకే సినిమాలో కనిపించారు. ఆ తర్వాత 1949 దాకా మొత్తం పది సినిమాల్లో ఆ జంట ఆడిపాడింది. వాటిలో ‘టాప్ హ్యాట్’ 1935 నాటిది. ఇర్వింగ్ బెర్లిన్ పాటలు కట్టాడు. హోటల్ గదిలో అర్ధరాత్రి ఒకడు కాళ్లు తాటిస్తూ నాట్యం చేస్తుంటాడు. కింది గదిలో అమ్మాయికి నిద్రాభంగమై పోట్లాటకు వస్తుంది. వచ్చినమ్మాయిని చూసి వీడు మనసు పారేసుకుంటాడు. ఆమె వెళ్లాక, నేల మీద ఇసుక చల్లి దాని మీద మెత్తగా అడుగులు వేస్తూ ఆమెను నిద్రపుచ్చుతాడు. ఆ తర్వాత కథంతా ఒక పొరపాటు మీద నడుస్తుంది. వాడు తన స్నేహితురాలి మొగుడని ఆ అమ్మాయి అనుకుంటుంది. ఇంకో ఘట్టంలో ఉరుములూ మెరుపులూ వచ్చి ఇద్దరూ పార్కు మండపంలో చిక్కుకుపోతారు, ఆ వానలోనే తొలిసారి కలిసి అడుగులు కలుపుతారు.

వాళ్ల చేతిలో ఇంత తేలికగా కనిపించేదాని వెనక ఎంత చాకిరీ ఉందో ‘స్వింగ్ టైమ్’ (1936) చెబుతుంది. అందులో చివరి నృత్యం కుదిరేసరికి 47 సార్లు తీయాల్సి వచ్చింది. రోజర్స్ పాదాల నుంచి రక్తం కారింది. నృత్యం సాగినంతసేపూ నాట్యగాళ్ల నిలువెత్తు రూపం తెర మీద ఉండాలని, మధ్యలో ముక్కలు ముక్కలుగా కోసి అతికించకూడదని ఆస్టేర్ పట్టుబట్టేవాడు. తప్పు దాచుకోవడానికి చోటు ఉండకూడదన్నది ఆయన నియమం. చూసేవాడికి హాయి దక్కాలంటే చేసేవాడు ఎక్కడా హాయిగా ఉండకూడదన్నమాట. మన పక్క ఇదే పట్టుదల తాడిపత్రి మనిషి ఒకాయనలో కనిపిస్తుంది.

తాడిపత్రి గుత్తికి తూర్పున, మద్రాసు వెళ్లే రైలు మార్గంలోనే ఉంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు, ఊళ్లో చింతల వెంకటరమణుడు. విజయనగర కాలపు శిల్పులు ఆ గుళ్ల గోడల మీద రాతితో చేయని విన్యాసం లేదు. నాటకరంగంలో పేరుమోసిన బళ్లారి రాఘవ 1880లో పుట్టింది ఈ ఊళ్లోనే. 1912 జులై 1న అక్కడే కదిరి వెంకటరెడ్డి పుట్టారు. లోకానికి ఆయన కె.వి. రెడ్డి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి చిన్ననాటి స్నేహితుడు, డబ్బున్న వ్యాపారి. మరోపక్క కడప జిల్లా పొట్టిపాడు నుంచి బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు నాగిరెడ్డి. వీళ్ల ఇంటి వ్యాపారం రంగూన్‌కు ఉల్లిపాయల ఎగుమతి. ఈ నలుగురూ మద్రాసులో కలిశారు. బి.ఎన్. దర్శకత్వంలో వాహినీ సంస్థ తొలి సినిమా ‘వందేమాతరం’ 1939లో వచ్చింది. నారాయణస్వామి పెట్టుబడి అండగా నిలిచింది. తర్వాత ఆ పేరు మీదే స్టూడియో లేచింది. అది నాగిరెడ్డి చేతికి వచ్చాక విజయా వాహినీగా ఆసియాలోని పెద్ద స్టూడియోల సరసన చేరింది.

కె.వి. రెడ్డి సినిమాల్లోకి దర్శకుడు కావాలని రాలేదు. క్యాషియర్‌గా వచ్చారు. ముందు రోహిణీ సంస్థలో, తర్వాత వాహినిలో లెక్కలు చూశారు, నిర్మాణ వ్యవహారాలు చూశారు. ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు. ఆ క్యాషియర్ బుద్ధిని ఆయన చివరిదాకా వదులుకోలేదు. స్క్రిప్టు మొత్తం తయారయ్యాక ప్రతి సన్నివేశాన్నీ చదివించి, చేయించి, స్టాప్‌వాచ్ పెట్టి కొలిచేవారు. ఈ మాటకు ఇన్ని సెకన్లు, ఈ నవ్వుకు ఇన్ని, ఈ నడకకు ఇన్ని అని రాసుకునేవారు. సెట్‌లో దానికి మించి ఒక్క అడుగు ఫిల్మ్ ఖర్చుకానిచ్చేవారు కాదు. మా ప్రాంతంలో చెరువు తూము దగ్గర నిలబడి ఏ మడికి ఎంత నీరో తేల్చే నీరగంటి ఎలా ఉంటాడో ఆయన అలా ఉన్నారనిపిస్తుంది. హాస్యానికి ఇది ప్రాణం. నవ్వు పుట్టాల్సిన చోట అరసెకను ఆలస్యమైతే ఆ నవ్వు ఇక పుట్టదు. ప్రేమలో పడ్డ ఇద్దరి మధ్య మౌనం ఒక క్షణం ఎక్కువైతే అది విషాదమవుతుంది, తక్కువైతే తొందరపాటవుతుంది.

ఆ కొలత కొలిచినట్టు తెలియకుండా సాగిన సినిమా ‘మాయాబజార్’. 1957 మార్చి 27న వచ్చింది. దాన్ని పౌరాణికం అనే అరలో పెట్టేయడం మనకు అలవాటైపోయింది. నా మట్టుకు నాకు అది తెలుగులో అన్నింటికన్నా గొప్ప సంగీత ప్రేమహాస్యం. చూడండి: చిన్నప్పుడే మాట ఇచ్చుకున్న బావామరదళ్లు. ఆస్తి పోయిందని ఆడపిల్ల తల్లిదండ్రులు మాట తప్పడం. డబ్బున్న ఇంకో సంబంధం. మారువేషం. పెళ్లికూతురు స్థానంలో పెళ్లికూతురు కాని మనిషి. విడిది, వంటలు, పెళ్లివారి గొప్పలు, వాటికి శాస్తి. చివరికి అసలు జంటకు పెళ్లి. పాండవులు అయిదుగురూ తెర మీద ఒక్కసారి కూడా కనిపించరు. యుద్ధం లేదు, రాజ్యం లేదు, ఉన్నదంతా ఒక పెళ్లింటి గొడవ.

ఈ కథకు వేళ్లు కూడా సీమలోనే ఉన్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడి మొదలైన సురభి కుటుంబాలు తరతరాలుగా ‘మాయాబజార్’ నాటకాన్ని తమ సొత్తు చేసుకున్నాయి. గాలిలో తేలే మనుషులు, కళ్లెదుటే మాయమయ్యే వస్తువులు, తాళ్లతో కప్పీలతో నడిచే ఇంద్రజాలం ఆ నాటకాలకు పెట్టింది పేరు. డేరాల కింద కూర్చుని అదంతా చూసిన జనానికి శశిరేఖ కథ కొత్త కాదు. కె.వి. రెడ్డికి కావాల్సింది వాళ్లకు తెలిసిన కథను, వాళ్లు ఎన్నడూ చూడనట్టు చూపించడం.

ఇందులో సావిత్రి పని గురించి ఎంత రాసినా తక్కువే. శశిరేఖ రూపం ఎత్తిన ఘటోత్కచుణ్ణి ఆమె నటించాలి. అంటే ఆడపిల్ల ఒంట్లో దూరిన రాక్షసుడు, ఆడపిల్లలా ఉండబోయి మధ్యమధ్యన రాక్షసత్వం బయటపడి సర్దుకోవాలి. కళ్లు ఒకటి చెబుతుంటే నడక మరొకటి చెబుతుంది. రేలంగి లక్ష్మణకుమారుడి పక్కన ఆమె చేసే ఆ విన్యాసం చూశాక, హాలీవుడ్ హాస్యనాయికల్లో ఎవరి పక్కనైనా ఆమెను నిలబెట్టవచ్చని ధైర్యంగా అంటాను. ప్రియదర్శిని పేటిక సంగతి చూడండి. మూత తీసిన మనిషి మనసుకు ఏది ప్రియమో అది అందులో కనబడుతుంది. రేవతికి నగలు కనిపిస్తాయి. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ఒక్క వాక్యం ఉపన్యాసం లేకుండా ఆ ఇంట్లో ఎవరెవరు ఏమిటో తేలిపోయింది.

ఇక వెన్నెల్లో పడవ పాట. ఎస్. రాజేశ్వరరావు నాలుగు పాటలకు వరసలు కట్టి తప్పుకున్నాక మిగతా సంగీతం ఘంటసాల చూసుకున్నారు. చిత్రీకరించిన మార్కస్ బార్‌ట్లే ఆంగ్లో ఇండియన్. గుంతకల్లు లాంటి రైల్వే కూడళ్లలో అప్పట్లో చాలామంది ఉండిన సమాజం నుంచి వచ్చినాయన. నలుపు తెలుపుల్లో ఆయన పుట్టించిన వెన్నెల ఎంత పేరు తెచ్చుకుందంటే, మంచి వెన్నెల రాత్రిని బార్‌ట్లే వెన్నెల అనేవాళ్లు సినిమావాళ్లలో ఉన్నారు. ఆ పాటలో పడవ ఎక్కే జంటలు మారతాయి. ముందు కుర్ర జంట, తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, ఆ తర్వాత బలరాముడూ రేవతీ. పాట మాత్రం అదే. వయసు పెరిగినా పెళ్లయి ఏళ్లు గడిచినా ఆ నీళ్ల మీద అందరికీ చోటుంది. ఆస్టేర్ సినిమాల్లో ప్రేమ ఇద్దరిది, నాట్యశాల వాళ్లిద్దరిది. మన సినిమాలో ప్రేమ ఎప్పుడూ ఇంటిల్లిపాది వ్యవహారం. ఆ తేడాను ఇంత అందంగా చూపించిన పాట నాకు ఇంకోటి తెలియదు.

హాలీవుడ్ గాలి మద్రాసు మీద వీయలేదని కాదు. మౌంట్ రోడ్డులో ఇంగ్లిషు సినిమాలు ఆడే ఎల్ఫిన్‌స్టన్, కేసినో లాంటి హాళ్లు మన సాంకేతిక నిపుణులకు బడులుగా పనికొచ్చాయి. 1945లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘స్వర్గసీమ’లో భానుమతి పాడిన పావురం పాట దేశమంతా మోగింది. రీటా హేవర్త్ నటించిన ‘బ్లడ్ అండ్ శాండ్’లో విన్న కూనిరాగం ఆ పాటకు ప్రేరణ. 1948 నాటి ‘చంద్రలేఖ’లో పెద్ద పెద్ద ఢంకాల మీద నాట్యం హాలీవుడ్ సంగీత చిత్రాల భారీతనానికి మద్రాసు ఇచ్చిన జవాబు. ఆ సినిమా సంగీతంలోనూ రాజేశ్వరరావు చెయ్యి ఉంది. రాగం మన రాగంగానే ఉంచి, వాద్యగోష్ఠిని పడమటి పద్ధతిలో నడపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ విద్య తేలికగా, చప్పుడు చేయకుండా పరుచుకున్న సినిమా ‘మిస్సమ్మ’. 1955 జనవరి 12న సంక్రాంతి ముందర వచ్చింది. బెంగాలీ నాటకం ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ దీనికి మూలం. తెనాలి చక్రపాణి దాన్ని తెలుగింటికి తెచ్చారు. మేరీ పాత్రకు ముందు అనుకున్నది భానుమతిని. కొంత చిత్రీకరణ కూడా జరిగాక ఆమె తప్పుకోవాల్సి వచ్చి, రెండో నాయికగా ఉన్న సావిత్రి ఆ చోటికి వచ్చింది. సావిత్రి వదిలిన వేషం జమునకు దక్కింది. తెలుగు సినిమా చరిత్రను మలుపు తిప్పిన మార్పుల్లో ఇదొకటి.

‘మిస్సమ్మ’ కథ ఎక్కడ మొదలవుతుందో గమనించండి. ప్రేమ దగ్గర కాదు, నిరుద్యోగం దగ్గర. బి.ఏ. చదివిన ఇద్దరికి పని లేదు. ఒక జమీందారు తన బడికి పంతుళ్లు కావాలని, భార్యాభర్తలైన పట్టభద్రులే రావాలని ప్రకటన ఇస్తాడు. మేరీకి మెడ మీద అప్పు. అప్పిచ్చినవాడు డబ్బు కాకపోతే పెళ్లి అంటున్నాడు. అందుకని ముక్కూమొహం తెలియని ఇద్దరు మొగుడూ పెళ్లాలుగా నటించడానికి ఒప్పుకుంటారు. కథలో ఆకలి ఉంది, అప్పు ఉంది, ఆడపిల్ల మీద ఒత్తిడి ఉంది. ‘పెళ్లి చేసి చూడు’లో కట్నం ఉంది. 1959 సంక్రాంతికి వచ్చిన ‘అప్పు చేసి పప్పు కూడు’లో బాకీల వాళ్లను తప్పించుకు తిరిగే పెద్దమనిషి దర్జా ఉంది. అప్పు అనే మాట పేరులో పెట్టుకుని జనాన్ని కడుపుబ్బ నవ్వించిన ఆ సినిమాను, వేరుశనగ విత్తుకోసం వడ్డీకి డబ్బు తెచ్చే రైతు చూశాడు. తన బతుకులోని భయాన్నే తెర మీద చూసి నవ్వగలిగాడు. సావుకారు అక్కడ బెదిరిస్తాడు కానీ గెలవడు. ఆ మూడు గంటలూ వాడు గెలవడన్న హామీ ఉంటుంది. ఈ రకం సినిమాకున్న ఆకర్షణ అంతా ఆ హామీలో ఉందని నా నమ్మకం.

లోపాలు లేవనను. ‘మిస్సమ్మ’ చివర్లో మేరీ తప్పిపోయిన జమీందారు కూతురేనని తేలిపోతుంది. దాంతో క్రైస్తవురాలు, హిందువు పెళ్లి చేసుకోవాల్సిన చిక్కు తీరిపోతుంది. అంత ధైర్యంగా మొదలైన కథ అక్కడ అడ్డదారి పట్టింది. అప్పటి ప్రేక్షకులు ఆ చిక్కును భరించగలిగేవారేనని నాకనిపిస్తుంది, వాళ్లు మేరీని అప్పటికే తమ పిల్లగా చేసుకున్నారు. మాట పడని ఆడపిల్లను చివరికి ఎలాగోలా మెత్తబరచాలన్న ఆత్రం ఇక్కడా ఉంది, హాలీవుడ్‌లోనూ ఉంది. అక్కడ దానికి తోడు నల్లజాతి కళాకారుల నుంచి ఎన్నో అడుగులు నేర్చుకుని, వాళ్లకు తెర మీద సమానమైన చోటు ఇవ్వని అన్యాయం కూడా ఉంది.

అయినా ‘గుండమ్మ కథ’ (1962) లాంటిది చూసినప్పుడు ఈ రకం సినిమా ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉండగా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది. ఊరంతా కొలిచే హీరో నిక్కరు తొడుక్కుని పనివాడిగా చేరి, సవతి కూతురి పక్కన రుబ్బురోలు తిప్పుతూ పాడతాడు. ఆస్టేర్‌కు అద్దంలా మెరిసే నాట్యశాల కావలసి వచ్చింది. ఇక్కడ వెనకింట్లో రోలు, పొత్రం, ఇంత పిండి చాలాయి. ఆ రోజుల్లో రోజూ అదే రోలు ముందు కూర్చుని చేతులు కాయలు కాసిన ఆడవాళ్లు, మగవాడు పొత్రం పట్టుకోవడాన్ని ఎంత ఇష్టంగా చూసి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

గుత్తి లాంటి ఊళ్లకు ఈ సినిమాలు కాస్త ఆలస్యంగా చేరేవి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీ వాళ్లకు దత్తం చేసిన జిల్లాలివి. కంపెనీ పోయింది, జిల్లాల సరిహద్దులు ఎన్నోసార్లు మారాయి, సినిమా పంపిణీదారుల పుస్తకాల్లో మాత్రం ఈ సీమ ఇప్పటికీ సీడెడ్. పెద్ద పట్నాల్లో ఆడి అరిగిన ప్రింట్లు ఇటు వచ్చేవి. టూరింగ్ టాకీసు డేరా వేసుకునేది. ఎద్దుల బండికి రెండువైపులా బొమ్మల పలకలు కట్టి, తప్పెట కొడుతూ, రంగు కాగితాలు విసురుతూ ఊరంతా తిప్పేవారు. ఒక్కటే ప్రొజెక్టరు ఉంటే రీలు మారినప్పుడల్లా ఆట ఆగేది. ఇసుకలో కూర్చునే నేల క్లాసు, ఆ వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. అణాకో రెండణాలకో పాటల పుస్తకం. సినిమా వెళ్లిపోయాక కూడా ఆ పుస్తకం ఇంట్లో ఉండేది. పెళ్లిళ్లలో బంతి పెట్టినప్పుడు, పొలంలో కలుపు తీసేటప్పుడు, పిల్లను ఊపేటప్పుడు ఆ పాటలు మళ్లీ మళ్లీ వచ్చేవి. సినిమా చూడని మనిషి కూడా అలా పాటను చూసేసేవాడు.

ఇక్కడి మనిషికి నీళ్లంటే ఏమిటో గుత్తి కోట చెబుతుంది. అంత ఎత్తైన కొండ మీద, అన్ని ప్రాకారాల మధ్య ఉన్న మురారిరావు ఘోర్పడే 1776లో హైదర్ అలీకి కోటను అప్పగించింది తాగునీళ్లు అయిపోయినందుకు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండే అనంతపురం జిల్లా ఇది. జీన్ కెల్లీ గొడుగు మూసేసి వానలో నిలబడిన ఘట్టాన్ని ఈ జిల్లా మనిషికి అర్థం చెప్పక్కర్లేదు. తొలకరికి వాకిట్లోకి పరుగెత్తి తడిసే పిల్లలను, వాళ్లను కసరబోయి తామూ తడిసే పెద్దలను ఇక్కడ ఏ ఇంట్లోనైనా చూడొచ్చు. ప్రేమలో పడ్డవాడి ఆనందాన్ని చెప్పడానికి ఆ సినిమావాళ్లు వానను ఎంచుకున్నారు. అనంతపురంలో అయితే ప్రేమ ఆనందానికీ వాన ఆనందానికీ ఎటూ తేడా లేదు.

అదే 1950ల్లో, తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాశారు. ఎండిన పెన్న ఒడ్డున బతికే కూలి మనిషి గోడును అంత గుండెలు పిండేలా చెప్పిన కావ్యం మరొకటి లేదు. సీమ అనగానే సాహిత్యం చదివేవాళ్లకు అదే గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా. అదే నది ఒడ్డున పుట్టిన కె.వి. రెడ్డి అదే కాలంలో ‘మాయాబజార్’ తీశారు. ఒకటి నిజం చెప్పింది, ఇంకోటి దాన్ని మరపించింది అనే తీర్పు నేను ఒప్పుకోను. కరువు సీమ ఆ రెండూ చేయగలిగింది. నాయనలు పోగొట్టుకున్న పొలాల గురించి ఏడ్వగలిగినవాళ్లే, పక్కింట్లో పెళ్లి జరుగుతుంటే విస్తరి ముందు కూర్చుని వియ్యపురాలి అలకలకు నవ్వగలరు. నవ్వించడంలోనూ సీమ చెయ్యి ఖాళీగా లేదు. పులివెందుల పక్క సింహాద్రిపురం నుంచి వచ్చిన పద్మనాభం ‘పాతాళభైరవి’లో చిన్న వేషంతో కనబడి, హాస్యనటుడిగా ఎదిగి, నిర్మాతై, 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని గాయకుడిగా పరిచయం చేశారు.

కె.వి. రెడ్డికి చివరి సంవత్సరాలు కలిసిరాలేదు. 1960ల నడుమ నుంచి తీసిన సినిమాలు మునుపటిలా ఆడలేదు. మూలా నారాయణస్వామి ఆస్తులు అంతకుముందే కరిగిపోయాయి. రామారావు కోసం తీసిన ‘శ్రీకృష్ణ సత్య’ 1971లో వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కె.వి. కన్నుమూశారు. ఆయన దగ్గర ‘మాయాబజార్’కు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ఆ తూకాన్ని తన సినిమాల్లోకి తీసుకెళ్లారు. ‘మాయాబజార్’కు రంగులు అద్ది 2010 జనవరి 30న మళ్లీ విడుదల చేస్తే, మొదటి విడుదల నాటికి పుట్టని తరాలు టికెట్లు కొన్నాయి.

ఆ మధ్య కాలంలో మన సినిమా రాయలసీమను ఎలా చూపించిందో అందరికీ తెలుసు. 1999లో ‘సమరసింహారెడ్డి’ దగ్గర్నుంచి పదేళ్లపాటు సీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు. తాడిపత్రి పేరు వింటే ఎవరికైనా ఆ బొమ్మే మెదిలేలా చేశారు. ఇక్కడ ఫ్యాక్షన్ లేదని నేను చెప్పడం లేదు, దాని వల్ల బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఉన్నారు. కానీ తెలుగువాళ్లకు పెళ్లింటి నవ్వును కొలిచి పోసిన మనిషిది కూడా ఆ ఊరేనని తాడిపత్రిలో బడికి పోయే పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా? గుత్తి, గుంతకల్లు, అనంతపురం కాలేజీల్లో ఏడాదికి ఒక్కరోజు ఆయన సినిమాలు వేసి చూపించడానికి ఖర్చెంత?

వేసి చూపించేవాళ్లు ఉంటే, నా మాటగా ‘పెళ్లినాటి ప్రమాణాలు’తో మొదలుపెట్టమంటాను. 1958 నాటిది. కె.వి. రెడ్డి సొంతంగా నిర్మించి దర్శకత్వం వహించారు. నాగేశ్వరరావు, జమున. ఘంటసాల వెన్నెల పాటలు. ‘మాయాబజార్’ నీడలో పడి దీన్ని తక్కువమంది చూశారు. ఈ సినిమాలో ప్రేమ, పెళ్లి తొందరగానే అయిపోతాయి. ఆ తర్వాత పిల్లలు పుడతారు, సంసారం పాతబడుతుంది, మొగుడి చూపు ఆఫీసులో పనిచేసే అమ్మాయి మీదికి పోతుంది. హాలీవుడ్‌లో ఆస్టేర్, రోజర్స్ సినిమాలు చాలావరకు ఎక్కడ ఆగిపోయాయో అక్కడి నుంచి నడిచిన కథ. పెళ్లాం ఏడుస్తూ కూర్చోదు, పుట్టింటికి పోదు. తెలివితో, నవ్వుతో, కొంచెం నాటకంతో మొగుణ్ణి దారికి తెస్తుంది. ఆ సినిమాను పెళ్లయి పదేళ్లు దాటినవాళ్లు, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చూడాలి.